వెనక స్వే బార్ లావైతే కారు మలుపు బాగా తిరుగుతుందా?

గోదావరి డెల్టాలో రోడ్డు ఎటు పోవాలో చాలాచోట్ల కాలువలే తేల్చేశాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పారాయి, వాటి గట్ల మీద బళ్లు నడిచాయి, ఆ బళ్ల దారులే తర్వాత తారు రోడ్లయ్యాయి. అందుకే రావులపాలెం దాటి లోపలికి దిగినా, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లినా రోడ్డు కాలువ పక్కన తిన్నగా సాగుతూ సాగుతూ, కాలువ నీటి తలుపులుండే లాకో, వంతెనో రాగానే ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది. ఆ మలుపులో కాస్త స్పీడు మీద ఉంటే మామూలు హ్యాచ్‌బ్యాక్ ముందు భాగం మనం తిప్పినంత తిరగదు. స్టీరింగ్ ఇంకొంచెం తిప్పాలి. ఈలోపు కారు పక్కకు వాలుతుంది, వెనక సీట్లో ఉన్న అత్తగారు పైనున్న హ్యాండిల్ పట్టుకుంటారు.

దీనికి యూట్యూబ్‌లో దొరికే మందు ఒకటుంది. వెనక పక్క లావుపాటి స్వే బార్, అంటే ఎడమ కుడి చక్రాల సస్పెన్షన్‌ను కలిపే కడ్డీ, వేయించమంటారు. వాలడం తగ్గుతుంది, మలుపులో ముక్కు లోపలికి తిరుగుతుంది, ఖర్చు చూస్తే సస్పెన్షన్ మొత్తం మార్చడం కంటే చాలా తక్కువ. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆ ఫలితం ఎక్కణ్ణుంచి వస్తుందో ఎవరూ సరిగా చెప్పరు. స్వే బార్ కారుకు కొత్తగా గ్రిప్ తెచ్చిపెట్టదు. వెనక టైర్ల గ్రిప్‌లో కొంత కోసి ముందు టైర్లకు పెడుతుంది. ఆ బేరం ఎక్కడ లాభమో, ఎక్కడ నష్టమో తెలియాలంటే ముందు కారు కిందికి దూరాలి.

అక్కడ కనిపించేది ఒక ఉక్కు కడ్డీ. నడుము తిన్నగా, రెండు చివరలు ముందుకో వెనక్కో వంగి ఉంటాయి. నడుము దగ్గర రెండు రబ్బరు బుష్‌లు దాన్ని బాడీకో సబ్‌ఫ్రేమ్‌కో పట్టి ఉంచుతాయి. రెండు చివరల నుంచి రెండు చిన్న లింక్ రాడ్లు చెరో చక్రం వైపు సస్పెన్షన్‌కు వెళ్తాయి. స్టెబిలైజర్ బార్ అన్నా, యాంటీ రోల్ బార్ అన్నా ఇదే. కొత్త వింత కూడా కాదు, కెనడాకు చెందిన ఒకాయనకు దీని మీద 1919లోనే పేటెంటు వచ్చింది.

రెండు చక్రాలు ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఈ కడ్డీ బుష్‌లలో అలా తిరిగి ఊరుకుంటుంది, ఏ పనీ చేయదు. ఒక చక్రం లేచి రెండోది లేవకపోతేనే దానికి పని. మలుపులో బాడీ బయటివైపు వాలినప్పుడు బయటి చక్రం స్ప్రింగు నొక్కుకుంటుంది, లోపలి చక్రం కిందికి జారుతుంది. అప్పుడు కడ్డీ మెలిపడుతుంది. ఆ మెలి విప్పుకోవాలని చూసే బలమే బాడీని వాలనివ్వకుండా ఆపుతుంది. చూడ్డానికి కడ్డీ, చేసే పని మాత్రం స్ప్రింగుది.

దాని గట్టిదనం లావు మీద ఎంతగా ఆధారపడుతుందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. వ్యాసం నాలుగో ఘాతం లెక్కన, అంటే వ్యాసం × వ్యాసం × వ్యాసం × వ్యాసం లెక్కన పెరుగుతుంది. 16 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 18 మిల్లీమీటర్లది వేస్తే కంటికి తేడా కూడా తెలియదు, కానీ గట్టిదనం 60 శాతం పెరుగుతుంది. 20 నుంచి 22కు పోతే 46 శాతం. అందుకే 'రెండు మిల్లీమీటర్లేగా' అనుకోవడం పొరపాటు. లోపల బోలుగా ఉండే బార్లు అమ్మడానికి కారణం కూడా ఈ లెక్కే. 24 మిల్లీమీటర్ల కడ్డీలో మధ్యన 16 మిల్లీమీటర్ల బోలు ఉంటే గట్టిదనంలో 20 శాతమే పోతుంది, బరువు మాత్రం 44 శాతం తగ్గుతుంది. చివరల్లో రెండు మూడు రంధ్రాలున్న బార్లు కూడా దొరుకుతాయి. లింక్ రాడ్‌ను చిట్టచివరి రంధ్రంలో బిగిస్తే చెయ్యి పొడవై బార్ మెత్తగా పనిచేస్తుంది, లోపలి రంధ్రంలోకి జరిపితే గట్టిపడుతుంది.

ఇక్కడో మాట చెప్పాలి. మన వైపు ట్రాక్టర్ తొట్లు తయారుచేసే వెల్డింగ్ షాపులకు, లేతు పనివాళ్లకు కొదవ లేదు. ఏ కడ్డీ అయినా వంచి బిగించి ఇస్తారు. ఏ రకం ఉక్కైనా మెలిపడేటప్పుడు చూపే గట్టిదనం దాదాపు ఒక్కటే కాబట్టి, మామూలు ఇనప కడ్డీ పెట్టినా మొదటి రోజు అసలు బార్ లాగే పనిచేస్తుంది. తేడా తర్వాత బయటపడుతుంది. స్ప్రింగ్ స్టీల్ బాగా మెలిపడినా వెనక్కి వస్తుంది, మామూలు కడ్డీ ఒక పెద్ద గుంతలో పడ్డాక వంగినట్టే ఉండిపోతుంది. ఇక స్ప్రింగ్ స్టీల్ మీద వెల్డింగ్ చేస్తే ఆ వేడికి దాని పదును పోయి అతుకు పక్కనే చిట్లుతుంది. కాబట్టి ఈ ఒక్క పని ఊళ్లో చేయించకండి.

గ్రిప్ ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుంది?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కారు తక్కువ వాలుతోందంటే బరువు తక్కువ మారుతోందని చాలామంది అనుకుంటారు. అలా కాదు.

లెక్క చూద్దాం. కారు 1000 కిలోలు. దాని గురుత్వ కేంద్రం నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం 150 సెంటీమీటర్లు. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో 20 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు తిరిగితే కారును బయటికి నెట్టినట్టనిపించే బలం దాని బరువులో సగం ఉంటుంది. 1000లో సగాన్ని 55తో హెచ్చించి 150తో భాగిస్తే 183 వస్తుంది. అంటే ఆ మలుపులో లోపలి చక్రాల మీద నుంచి సుమారు 183 కిలోలు బయటి చక్రాల మీదికి వెళ్తాయి. ఈ లెక్కలో స్ప్రింగూ లేదు, షాకబ్జరూ లేదు, స్వే బారూ లేదు. వాలినప్పుడు గురుత్వ కేంద్రం కాస్త పక్కకు జరగడం ఉంది గానీ అది చిన్న మొత్తం. కారు దోసిట్లో నీళ్లు తొణకనంత నిటారుగా ఉన్నా, ఆటో లాగా వాలినా ఆ 183 కిలోలు మారాల్సిందే.

మరి బార్ మార్చేది ఏమిటంటే, ఆ 183లో ముందు చక్రాల జత ఎంత మోయాలి, వెనక జత ఎంత మోయాలి అన్న వాటా. ఇద్దరు మనుషులు ఒక గడకర్రకు కొబ్బరికాయల బస్తా వేలాడదీసి మోస్తున్నారనుకోండి. బస్తాను వెనక మనిషి వైపు జరిపితే మొత్తం బరువు మారదు, అతని భుజం మీద ఎక్కువవుతుంది, ముందు మనిషికి తేలికవుతుంది. వెనక బార్ గట్టిపడితే జరిగేది అదే. వెనక జత ఎక్కువ మార్పు మోస్తుంది, ముందు జతకు తగ్గుతుంది.

ముందు జతకు తేలికైతే లాభమేంటి? టైరు స్వభావం వల్ల లాభం. టైరు మీద బరువు రెట్టింపైతే గ్రిప్ రెట్టింపు అవదు, దానికి కొంచెం తక్కువే వస్తుంది. ఉదాహరణకు ఒక జత మీద మొత్తం 500 కిలోలు ఉన్నాయనుకుందాం. చెరి 250 ఉన్నప్పుడు ఒక్కో టైరు 225 కిలోల పక్కబలం ఇస్తే మొత్తం 450. అదే ఒక టైరు మీద 400, ఇంకోదాని మీద 100 అయితే మొదటిది 328, రెండోది 97 ఇస్తాయనుకోండి, మొత్తం 425. మోస్తున్న బరువు అదే 500 అయినా పాతిక కిలోల పట్టు పోయింది. టైరు టైరుకూ ఈ అంకెలు మారతాయి, పోకడ మాత్రం మారదు. ఎడమ కుడి టైర్ల మధ్య బరువు తేడా ఎంత పెరిగితే ఆ జత అంత గ్రిప్ పోగొట్టుకుంటుంది.

ఇప్పుడు రెండూ కలపండి. లావుపాటి వెనక బార్ వల్ల వెనక జతలో తేడా పెరిగి గ్రిప్ తగ్గింది, ముందు జతలో తేడా తగ్గి గ్రిప్ పెరిగింది. లాకుల మలుపులో బయటికి జారిపోయే ముక్కు లోపలికి తిరగడానికి కారణం ఇదే. ముక్కు అలా బయటికి జారడాన్ని అండర్‌స్టీర్ అంటారు, అది తగ్గిందన్నమాట.

బార్ వల్ల ఇంకో లాభం ఉంది, నా మటుకు అదే అసలు లాభం. గేదె అడ్డం వచ్చిందని ఎడమకు కోసి వెంటనే కుడికి తిప్పినప్పుడు, బాడీ ఒకవైపు వాలి, లేచి, రెండో వైపు వాలడానికి కొంత సమయం పడుతుంది. బార్ గట్టిదైతే ఆ ఊపు తక్కువ, కారు త్వరగా కుదురుకుంటుంది. ఎత్తయిన బళ్లకు ఇది మరీ ముఖ్యం. 1997లో స్వీడన్‌లో ఇలా ఉన్నట్టుండి పక్కకు కోసే పరీక్షలో మెర్సిడెస్ ఏ-క్లాస్ బోల్తా పడితే, కంపెనీ సస్పెన్షన్ మార్చి, ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ కూడా బిగించి అమ్మాల్సి వచ్చింది.

కంపెనీవాళ్లు మొదటే లావు బార్ ఎందుకు వేయలేదంటే, వేయడం తెలియక కాదు. మామూలు మనిషి మలుపులో భయపడితే చేసేవి రెండే: యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తాడు, స్టీరింగ్ ఇంకా తిప్పుతాడు. అండర్‌స్టీర్ అయ్యే కారు ఈ రెండిటికీ లొంగుతుంది. స్పీడు తగ్గుతుంది, ముందు చక్రాల మీద బరువు పడుతుంది, ముక్కు మళ్లుతుంది. వెనక తేలిపోయే కారులో అదే పని చేస్తే ఫలితం తలకిందులు. కాలు తీయగానే బరువు ముందుకు వెళ్తుంది, అసలే గ్రిప్ తక్కువైన వెనక చక్రాలు ఇంకా తేలికవుతాయి, తోక బయటికి వస్తుంది. అప్పుడు స్టీరింగ్ ఎదురు తిప్పాలి. అది అలవాటు లేనివాళ్లకు ఆ క్షణంలో చేతికి రాదు. పక్కన పొలం ఉంటే బురదలో దిగుతాం, కాలువ ఉంటే కాలువలో.

మీ కారుకు అసలు వెనక బార్ ఉందా?

స్విఫ్ట్, హోండా సిటీ, క్రెటా లాంటి ముందు చక్రాలు లాగే కార్లలో వెనక కిందికి చూస్తే విడిగా బార్ కనిపించదు. రెండు వెనక చక్రాలను కలుపుతూ అడ్డంగా ఒక ఉక్కు దూలం ఉంటుంది, దాన్ని టార్షన్ బీమ్ అంటారు. 1974లో వచ్చిన మొదటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌తో ఈ ఏర్పాటు బాగా వ్యాపించింది. ఒక చక్రం లేచినప్పుడు ఆ బీమే మెలిపడుతుంది, అంటే బీమే స్వే బార్. కొన్నిటిలో దాని లోపల ఒక కడ్డీ కూడా అతికి ఉంటుంది. వీటికి అమ్మే 'వెనక స్వే బార్' పాతదాని స్థానంలో వచ్చేది కాదు, బీమ్‌కు తోడుగా బోల్టులతో బిగించేది. మీ మోడల్‌కే తయారై, ఉన్న రంధ్రాల్లోనే కూర్చుంటే ఫరవాలేదు. బీమ్‌కు కొత్త రంధ్రాలు వేస్తామంటే వద్దనండి. రాత్రీ పగలూ మెలిపడే ఉక్కుకు రంధ్రం పెడితే చీలిక అక్కడే మొదలవుతుంది, మన గాలి తేమకు తుప్పూ అక్కడే పడుతుంది.

ఎక్స్‌యూవీ 700 లాంటి బళ్లలో వెనక చక్రాలు విడివిడిగా కదిలే మల్టీలింక్ ఉంటుంది కాబట్టి బార్ విడిగానే ఉంటుంది, మార్చడం సులువు. ఇన్నోవా క్రిస్టా, బొలెరో లాంటి వెనక చక్రాలు తోసే బళ్లకు మాత్రం లావు వెనక బార్ ఆలోచనే నాకు నచ్చదు. మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వీటికి ముక్కు కంటే తోక తొందర ఎక్కువ. మలుపులో లోపలి వెనక చక్రం తేలికైతే మామూలు డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని రెండు చక్రాలకు పంచే గేర్లు) ఉన్న బండిలో అది ఊరికే గిర్రున తిరుగుతుంది.

ఇక మన రోడ్ల సంగతి. ఈ బార్‌ను మెచ్చుకునే వీడియోలు చాలావరకు పొడి తారు మీద, కొండ మలుపుల్లో తీసినవి. డెల్టాలో తారు పొడిగా ఉండడం ఏడాదిలో కొన్ని నెలల ముచ్చట. సార్వాకు దమ్ము పట్టే రోజుల్లో ట్రాక్టర్లు పొలం నుంచి నల్లమట్టి మోసుకొచ్చి రోడ్డు మీద పరుస్తాయి, దాని మీద జల్లు పడితే సబ్బు రాసినట్టే. భీమవరం చుట్టుపక్కల చేపల లారీలు కారుకుంటూ పోయే నీళ్లు ఎండాకాలంలో కూడా రోడ్డును తడిగా ఉంచుతాయి. కోతలప్పుడు ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఇలాంటి చోట గ్రిప్ అసలే తక్కువ, వెనక జతకు మిగిలే దాంట్లోంచి ఇంకా కోస్తే తోక ముందుగా జారుతుంది. రేసుల్లో కూడా వాన పడితే బార్లను మెత్తబరుస్తారు, ఒక్కోసారి విప్పేస్తారు.

రోడ్డు అంచులది ఇంకో బాధ. నల్లరేగడి మీద వేసిన గట్టు రోడ్లు కాలువ వైపు కుంగుతాయి. ఎడమ చక్రాలు గతుకుల్లో, కుడి చక్రాలు చదునుగా నడుస్తుంటాయి. ఇలాంటప్పుడు స్వే బార్ ఒక చక్రం దెబ్బను రెండో చక్రానికి అందిస్తుంది. లావు బార్ ఉన్న కారులో కూర్చుంటే తల కుడికీ ఎడమకీ ఊగుతూనే ఉంటుంది. షాకబ్జర్ పోయిందేమో అనుకుంటారు, పోలేదు.

బరువు సంగతి కూడా మరిచిపోకూడదు. పండక్కి హైదరాబాద్ నుంచి కోనసీమకు వచ్చే కారులో వెనక ముగ్గురు, డిక్కీ నిండా సామాను. తిరుగు ప్రయాణంలో బియ్యం బస్తా, కొబ్బరికాయలు, పూతరేకుల డబ్బాలు అదనం. వెనక అంత బరువున్నప్పుడు మలుపులో వెనక టైర్లకు పని ఎక్కువ, కారు దానంతటదే తోక వైపు మొగ్గుతుంది. ఒక్కడే నడిపేటప్పుడు హాయిగా తిరుగుతోందని సెట్ చేసుకున్న బార్ ఈ బరువు మీద వేరే కారు నడిపినట్టుంటుంది.

అందుకే బార్ కొనే ముందు ఉన్నవాటిని చూసుకోవాలి. గ్యారేజీకి వెళ్లి 'స్వే బార్ వేయాలండీ' అంటే మంచి మెకానిక్ ఏమంటాడో తెలుసా? "ఆయ్, వేద్దామండి. ముందు కిందికి రండి, లింక్ రాడ్డు చెయ్యిపెట్టి ఊపండి" అంటాడు. ఊపితే టక్ టక్ మంటుంది. బాల్ జాయింట్ రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు కారిపోయి, లోపల మట్టి చేరి ఉంటుంది. బుష్ దగ్గర రబ్బరుకూ కడ్డీకీ మధ్య వేలిగోరు దూరే సందు ఉంటుంది. ఆ సందు నిండేదాకా బార్ మెలిపడదు, అంటే కారు కొంత వాలాకే బార్ పని మొదలవుతుంది. కంపెనీ ఇచ్చిన బారే సగం సెలవులో ఉంటే కొత్తది ఏం చేస్తుంది? బుష్‌లు, లింక్ రాడ్లు మార్పించి, అలైన్‌మెంట్ చూపించి, చల్లటి టైర్లలో గాలి సరిగా నింపి ఒక వారం నడపండి. టైర్లు గట్టిపడిపోయి ఉంటే డబ్బు ముందు వాటికే పెట్టండి. మొత్తం గ్రిప్ నిజంగా పెరిగేది టైర్ల దగ్గరే. నా అంచనాలో ఈ బార్ గురించి అడిగేవాళ్లలో ఎక్కువమందికి ఇక్కడితో అవసరం తీరిపోతుంది.

తీరనివాళ్లు వేయించుకోవచ్చు, తప్పేమీ లేదు. పాతదానికంటే కొంచెమే గట్టిది తీసుకోండి, రంధ్రాలున్నదైతే ఇంకా మంచిది. బిగించాక లింక్ బోల్టుల చివరి బిగింపు కారు నాలుగు చక్రాల మీద చదును నేల మీద నిలబడి ఉన్నప్పుడే చేయాలి. ఒక చక్రం జాకీ మీద లేచి ఉండగా బలవంతంగా తోసి బిగిస్తే బార్ మెలిపడే కూర్చుంటుంది, ఎడమ మలుపు ఒకలా, కుడి మలుపు ఒకలా ఉంటుంది. సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడూ, పూర్తిగా జారినప్పుడూ బార్ సైలెన్సర్ పైపుకూ బ్రేక్ గొట్టాలకూ తగలకుండా ఉందా అని చూడాలి. పాలీయురెథేన్ బుష్‌లైతే సిలికాన్ గ్రీజు రాయాలి, లేకపోతే కిర్రుమంటాయి. రబ్బరు బుష్‌లకు మామూలు గ్రీజు పూస్తే ఉబ్బి పాడవుతాయి. సముద్రం దగ్గరి ఊళ్లవాళ్లు, రొయ్యల చెరువుల రోడ్ల మీద తిరిగేవాళ్లు బ్రాకెట్ బోల్టులను ఏడాదికోసారి విప్పి చూడకపోతే తర్వాత అవి కోస్తే తప్ప రావు.

చట్టం విషయంలో, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదంటుంది. స్వే బార్ లావు ఆర్సీలో రాసి ఉండదు. కానీ వారంటీలో ఉన్న కారైతే సస్పెన్షన్ మీద క్లెయిమ్ వచ్చినప్పుడు షోరూమ్‌వాళ్లు దీన్నే చూపిస్తారు. ముందే అడిగి, జవాబు మెయిల్లో తీసుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లకు కూడా చెప్పి ఉంచడం మేలు.

పరీక్ష మాత్రం ఏటిగట్టు మీద వద్దు. చుట్టూ ఖాళీ ఉన్న చదును జాగాలో, పొడి నేల మీద, బార్‌ను చివరి రంధ్రంలో పెట్టుకుని, తక్కువ వేగంతో గుండ్రంగా తిప్పుతూ మెల్లగా పెంచండి. మధ్యలో ఒకసారి యాక్సిలరేటర్ వదిలి తోక ఏం చేస్తోందో చూడండి. తర్వాత ఇంట్లోవాళ్లకు బదులు వెనక సీట్లో, డిక్కీలో బస్తాలు వేసుకుని, మళ్లీ మొదటి నుంచి తక్కువ వేగంతో అదే చేయండి. రెండుసార్లూ తోక కదలకపోతే ఒక రంధ్రం లోపలికి జరపొచ్చు. బస్తాలతో కదిలితే మాత్రం వానాకాలం పోయేదాకా చివరి రంధ్రంలోనే ఉంచండి, అక్కడ కూడా కదిలితే పాత బార్ తిరిగి పెట్టించండి. అందుకే పాతది గ్యారేజీలో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోవాలి.